షీటు మందంతో గ్యాస్ ఆగదు

కలిదిండి, కైకలూరు, మండవల్లి మండలాల్లో ఆక్వా గురించి మాట ఎక్కడ మొదలైనా చివరికి మురుగు నీటి దగ్గరికే వస్తుంది. పట్టుబడి అయ్యాక చెరువులోంచి తోడేసిన నీరు డ్రెయిన్‌లో పడుతుంది, డ్రెయిన్ కొల్లేటికో ఉప్పుటేరుకో చేరుతుంది, దారిలో ఉన్న వరిచేలూ మంచినీటి చెరువులూ దాని ఉప్పునూ కుళ్లునూ భరిస్తాయి. ఈ ఫిర్యాదు ఇవాళ్టిది కాదు. దానికి విరుగుడుగా ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న సలహా ఒకటుంది: నీటిని నేరుగా వదలకుండా ఒక గుంట తవ్వి, అడుగునా గట్ల వాలునా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరిచి, అందులో నిలవబెట్టి, తేరాకే వదలాలి. సలహాతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ షీటు ఉబ్బినప్పుడు మొదలయ్యే మాటలతో. గుంటలో ఒకచోట నల్లటి ఉబ్బు నీటిపైకి తేలుతుంది. మొదట గజం వెడల్పు. పట్టించుకోకపోతే పోనుపోను గది వెడల్పు. మడతలు విప్పుకుని షీటు బిగుస్తుంది, ఎండకు వేడెక్కి ఇంకాస్త పొంగుతుంది, అతుకు గనక ఆ ఉబ్బు మీదుగా పోతుంటే ముందు దానికే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు అందరూ ఒకే తీర్పు చెబుతారు: షీటు పలచన, ఈసారి మందంది వేయించు, నీళ్లు నిండుగా పెట్టు, ఆ బరువుకు అదే అణుగుతుంది. ఈ తీర్పులో రెండు ముక్కలున్నాయి, రెండూ తప్పే. ఉబ్బు షీటుకు వచ్చిన జబ్బు కాదు, కింది నేలలో ఉన్న జబ్బు. కొల్లేటి నేలలో అది రావడమే సహజం. రాకుండా చేయాలంటే షీటు కొనకముందే చేయాలి.

ముందు మందం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే డబ్బంతా పోయేది అక్కడే. హెచ్‌డీపీఈ నీటికంటే తేలిక; నీటి సాంద్రత ఒకటి అయితే దానిది సుమారు 0.94. 500 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు అర కిలో కూడా తూగదు. దాన్ని మూడింతలు చేసి 1,500 మైక్రాన్లది వేసినా తూగేది కిలోన్నర లోపే. అంటే ప్లాస్టిక్ మూడింతలు కొని మనం నేలమీద అదనంగా పెట్టిన బరువు చదరపు మీటరుకు ఒక కిలో. ఒక కిలో అంటే ఒక మిల్లీమీటరు లోతు నీరు పెట్టే ఒత్తిడి. కింద పోగయ్యే గ్యాసూ ఊటనీరూ పెట్టే ఒత్తిడిని కొలవాల్సింది అడుగుల్లో. పైగా షీటుకు రెండు పక్కలా నీరు చేరితే ఆ కిలో బరువు కూడా మిగలదు, తేలిక వస్తువు గనక అది పైకి తేలాలనే చూస్తుంది. మందం అక్కర్లేదని నేననడం లేదు. రాయి మొన తగిలినా, ఎండ ఏళ్ల తరబడి కాల్చినా, వేడి చీలతో అతుకు వేసినా తట్టుకోవాలంటే మందం ఉండాల్సిందే. 500 మైక్రాన్ల షీటును బయటి గుంటలో సరిగ్గా అతకడమే ఒక పరీక్ష. కానీ మందం చేసే పని అది. చిరుగుకు వేసే మందును ఉబ్బుకు వేస్తే ఉబ్బు తగ్గదు. సాగుడు గుణం కాపాడుతుందనుకుందామా అంటే, హెచ్‌డీపీఈ తెగేముందు ఎన్నో రెట్లు సాగేమాట నిజమే గానీ, దాని బలం వంగిపోయేది 12 శాతం సాగినప్పుడే. ఆ తర్వాత సాగింది మళ్లీ వెనక్కి రాదు. గ్యాస్ పోయాక కూడా ఆ చోట షీటు వదులుగా, పలచగా మిగిలిపోతుంది, రెండోసారి ఉబ్బు అక్కడే లేస్తుంది.

ఇక నీటి బరువు. ఈ వాదన వినడానికి తిరుగులేనిది. గుంటలో మీటరున్నర నీరుంటే ప్రతి చదరపు మీటరు మీదా టన్నున్నర బరువు, దాని కింద ఏ గాలి లేస్తుంది? లేస్తుంది, ఎందుకంటే నీరు రాయిలా ఒకేచోట కూర్చుని నొక్కదు, పక్కకు తప్పుకుంటుంది. అడుగున ఏదో ఒకచోట నేల అంగుళం మెరకగా ఉందనుకోండి. మట్టిలోంచి వచ్చిన గ్యాస్ కాస్త అక్కడ చేరుతుంది. షీటు అరమీటరు లేచిందంటే ఉబ్బు తల మీద నీరు ఇక మీటరున్నర కాదు, మీటరే. లోపలి గ్యాస్ కూడా ఆ మీటరు నీటికి సరిపడా ఒత్తిడితోనే ఉంటుంది. కానీ చుట్టూ, అడుగున, షీటు మీద ఇంకా మీటరున్నర ఒత్తిడి ఉంది. ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోవడం గ్యాస్‌కైనా నీటికైనా స్వభావం. కాబట్టి చుట్టుపక్కల మట్టిలో, షీటు మడతల్లో చిక్కుకున్న గ్యాసంతా ఆ ఉబ్బులోకే పరుగు తీస్తుంది. ఉబ్బు ఎంత ఎత్తు లేస్తే పైన నీరు అంత తగ్గుతుంది, లోపలి ఒత్తిడి అంత పడిపోతుంది, చుట్టూ ఉన్న గ్యాస్ అంత తేలిగ్గా వచ్చి చేరుతుంది. నీటి బరువు గ్యాస్‌ను అణచడం లేదు, అంతా కూడదీసి ఒకే చోటికి తోలుతోంది. నీరు ఇంకో అడుగు పెంచినా ఆ తోలుడు ఆగదు. చిన్న ఉబ్బులు నాలుగైదు కలిసి ఒక పెద్దదిగా మారడం, అది ఒకసారి నీటిపైకి తేలాక ఇక ఆగకపోవడం ఇందువల్లే. అమెరికాలో డెయిరీల పేడనీటి గుంటల్లో ఇవి ఎంత మామూలంటే అక్కడి ఇంజినీర్లు వాటికి తిమింగలాలని పేరు పెట్టుకున్నారు. అక్కడి షీట్లు మనవాటికంటే పలచనివేమీ కావు.

గ్యాస్ ఎక్కడిది అన్న ప్రశ్నకు మన ప్రాంతంలో ఒక సిద్ధమైన జవాబుంది: ఇది కృష్ణా-గోదావరి బేసిన్, కైకలూరు చుట్టుపక్కల ఓఎన్‌జీసీ బావులున్నాయి, కింద గ్యాస్ ఉంది గనక పైకి వస్తోంది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు చూసిన తరానికి ఈ భయం ఉండటంలో వింత లేదు. కానీ ఆ గ్యాస్ ఉన్నది కిలోమీటర్ల లోతున, గట్టి రాతిపొరల కింద. షీటును లేపే గ్యాస్ పుట్టేది షీటుకు ఆనుకుని ఉన్న మొదటి అడుగు మట్టిలో. నిలవ గుంటకు రైతు ఎంచుకునేది సాధారణంగా పాత చెరువునే, పంట సరిగా రానిదో, మూలకు ఉన్నదో. దాని అడుగున ఏళ్ల తరబడి పడ్డ తవుడు, చెక్క, మిగిలిన మేత, రెట్ట, చచ్చిన నాచు, అన్నీ కలిసి నల్లటి బురదగా ఉంటాయి. పార పెట్టి తిరగేస్తే పైన అంగుళం గోధుమ రంగు, కింద కాటుక నలుపు, ముక్కుకు కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ బురద మీదే షీటు పరిస్తే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. పది సెంటీమీటర్ల బురద మిగిలిందనుకుంటే ఎకరానికి 400 ఘనపు మీటర్లు. ఎండు బరువులో మూడు వందల టన్నులనుకుందాం, అందులో సేంద్రియ పదార్థం 3 శాతమే అనుకుందాం; తొమ్మిది టన్నులు. అందులో పదో వంతే కుళ్లినా 900 కిలోలు. గాలి తగలని చోట కుళ్లే సేంద్రియ పదార్థం కిలోకు సుమారు మూడో వంతు ఘనపు మీటరు మీథేన్ ఇవ్వగలదు. అంటే 300 ఘనపు మీటర్లు, రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే ఇంటి గోబర్ గ్యాస్ ప్లాంటు దాదాపు ఎనిమిది నెలలు పనిచేస్తే వచ్చే మీథేన్. ఇదంతా ఒక్కరోజున రాదు, ఏళ్లు పడుతుంది, కొంత నీటిలో కరుగుతుంది. అయినా మూడు వందల్లో ఐదో పదో చాలు ఒక ఉబ్బుకు. వెచ్చదనం ఉంది, తేమ ఉంది, గాలి తగలదు, మేత ఉంది. గోబర్ గ్యాస్ ప్లాంటుకు కావాల్సినవన్నీ సమకూర్చి, గొట్టం ఒక్కటి పెట్టకుండా మూత బిగించాం. మూత లేచిందని మూతను తిట్టడం ఏం న్యాయం?

ఇదొక్కటే అయితే బురద గీకేసి ఊరుకోవచ్చు. గీకాలి కూడా, పాత చెరువు మీద షీటు వేసేవాళ్లు చేయాల్సిన మొదటి పని అదే, దానికి మారు లేదు. కానీ కొల్లేటి సీమలో రెండో కారణం ఉంది, దాన్ని ఏ పొక్లెయినూ గీకలేదు. ఈ నేల కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లం. వేల ఏళ్ల క్రితం ఇది సముద్రపు నీరు చొచ్చుకొచ్చిన కయ్య అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పడమటి నుంచి బుడమేరు, ఉత్తరం నుంచి తమ్మిలేరు, రామిలేరు ఇక్కడికే వస్తాయి; పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అందులోనూ పోటు సమయంలో సముద్రం ఎదురు తంతుంది. సరస్సు నీరు పదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి పదడుగుల ఎత్తు దాకా నిండితే 900 చదరపు కిలోమీటర్లు మునుగుతుందని పాత లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతా ఎటు వచ్చిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇలాంటి చోట భూమిలో నీటిమట్టం వానాకాలమంతా కాలికిందే ఉంటుంది. నేలమట్టానికి మీటరున్నర లోతు తవ్విన గుంట, అరమీటరు లోతున ఊట. గుంట నిండుగా ఉన్నంతకాలం పైనీరు, కిందినీరు ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి. గుంట ఖాళీ చేశారా, అడుగున షీటును మీటరు ఎత్తు నీటి ఒత్తిడి పైకి తంతుంది, చదరపు మీటరుకు టన్ను చొప్పున ఎకరానికి నాలుగు వేల టన్నులు. అటు అడ్డం ఉన్నది ఇందాకటి అర కిలోనో కిలోన్నరో. గట్లు ఎత్తి కట్టి, నేల పెద్దగా తవ్వని గుంటలో ఈ తేడా తక్కువే, ఆ మేరకు ప్రమాదమూ తక్కువే. నీటిమట్టం గ్యాస్‌ను కూడా తోలుతుంది. వేసవిలో ఎండి బీటలిచ్చిన నల్లమట్టి సందుల్లో గాలి నిండి ఉంటుంది. తొలకరికి మట్టం ఒక అడుగు లేచిందంటే, ఆ అడుగు మట్టిలో పదో వంతు గాలి ఉందనుకున్నా ఎకరానికి 120 ఘనపు మీటర్ల గాలి పైకి రావాలి. మామూలు చేనులో అది ఎవరికీ తెలియకుండా పోతుంది. షీటు కింద పోలేదు. బురదలో మీథేన్ ఒక్క చుక్క పుట్టకపోయినా, ఈ గాలి ఒక్కటే షీటును లేపగలదు.

ఉబ్బు కనబడగానే చాలామందికి తోచే చికిత్స కత్తి. పడవ వేసుకుపోయి ఒక గాటు పెడితే బుస్సుమని గ్యాస్ పోతుంది, షీటు కూర్చుంటుంది, ఆ రోజుకు అందరూ హాయిగా ఉంటారు. దీనికంటే చేటు చేసే పని ఇంకోటి లేదు. గాటు పెట్టింది ఉబ్బు తల మీద. షీటు కూర్చున్నాక ఆ గాటు గుంట అడుగున, మీటరున్నర నీటి కింద ఉంటుంది. ఒక చదరపు సెంటీమీటరు చిల్లి చాలు, కింద మట్టి అడ్డు పడకపోతే రోజుకు 28 వేల లీటర్ల దాకా దిగగలదు. బంకమట్టికి షీటు గట్టిగా ఆని ఉన్న చోట ఇందులో చాలా తక్కువే దిగుతుంది, నిజమే. కానీ ఇప్పుడే సాగి వదులైన షీటు మడతల కింద ఆనడం ఎక్కడిది? అలా దిగేది మంచినీరు కాదు, మురుగు. దానిలో ఉన్న సేంద్రియ పదార్థమే కింది బ్యాక్టీరియాకు కొత్త మేత. నెల తిరక్కుండా పక్కనే ఇంకో ఉబ్బు లేస్తే ఆశ్చర్యపోవాల్సింది లేదు. ఉప్పునీటి గుంటల్లో ఇంకో ప్రమాదముంది. ఉప్పునీటిలో సల్ఫేట్ ఎక్కువ, గాలిలేని చోట అది హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఉబ్బు మీద ముఖం పెట్టి గాటు పెట్టే మనిషి ముందుగా పీల్చేది దాన్నే. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. నోట్లో బీడీతో ఈ పని చేయకూడదని వేరే చెప్పాలా? చిల్లులు లేని షీటు ఉంటుందనుకోవడం కూడా భ్రమే. ఈ రంగంలో పెద్ద పేరున్న జిరూ, బోనపార్టే 1989లోనే, జాగ్రత్తగా పరిచి పరీక్షించిన షీటుకు కూడా ఎకరానికి చదరపు సెంటీమీటరు చిల్లి ఒకటి ఉంటుందని అనుకుని లెక్క వేయమన్నారు. అంటే కింద మురుగు ఎంతో కొంత చేరుతూనే ఉంటుంది, గ్యాస్ పుడుతూనే ఉంటుంది. షీటు కింద ఏమీ ఉండదన్న నమ్మకం మీద కట్టిన గుంట మొదటి రోజునుంచే తప్పు.

మరి చేయాల్సిందేమిటి? గ్యాస్‌కు ఎగువకు దారి, నీటికి దిగువకు దారి. గుంట అడుగు బల్లపరుపుగా ఉండకూడదు. మధ్య నుంచి గట్ల వైపు నూటికి రెండు వంతుల చొప్పున లేస్తూ పోవాలి. షీటు కింద మందపాటి జియోటెక్స్‌టైల్ గాని, ఇసుక పొర గాని, ఇసుక కాలవల్లో చిల్లుల పైపులు గాని ఉండాలి. గ్యాస్ ఆ పొర వెంట పాకి గట్టు వాలు ఎక్కుతుంది. గట్టు తలకు అడుగు కిందుగా, నీరు ఎన్నడూ అందని ఎత్తులో, 15 మీటర్లకొకటి చొప్పున, వాన పడకుండా మూతి కిందికి వంచిన గొట్టాలు పెట్టాలి. మధ్యలో అన్నిటికంటే పల్లంలో, షీటు కిందే, ఊటనీరు చేరే కాలవ ఒకటి, దాంట్లోంచి గట్టు మీదికి వచ్చే పైపు, అవసరమైనప్పుడు దించడానికి మోటారు. రెండో దారి లేకపోతే మొదటిదీ పనిచేయదు, ఎందుకంటే పొర నిండా నీరు నిలిచాక గ్యాస్ పాకడానికి చోటుండదు. చాలామంది గొట్టాలు పెట్టి ఇది వదిలేస్తారు, తర్వాత గొట్టాలు దండగ అంటారు. ఇదేమీ కొత్త విద్య కాదు. అమెరికా వ్యవసాయ శాఖ షీటు గుంటలకు రాసుకున్న ప్రమాణాల్లో గ్యాస్, భూగర్భ నీటి ఒత్తిడి గురించి విడిగా చెప్పి ఉంది.

ఖర్చు మాట వెంటనే వస్తుంది. పొర, పైపులు ఖర్చే, కాదనను. కానీ వాలుకు అయ్యేది ఖర్చు కంటే శ్రద్ధ. ఎటూ పొక్లెయిన్ దిగుతుంది, ఎటూ మట్టి కదులుతుంది, లెవెల్ పరికరం పెట్టి చూసే మనిషి ఒకడు కావాలి. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు: ఈ పల్లపు నేలలో వాలు కోసం లోతుకు పోతే ఇంకా ఊటలోకే పోతాం కదా? నిజం. వంద మీటర్ల గుంటకు ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండు శాతం వాలంటే రెండు మీటర్లు. కలిదిండిలో ఆ రెండు మీటర్లు తవ్వడం అంటే బావి తవ్వడమే. అందుకే వాలు మధ్య నుంచి రెండు పక్కలకూ పెట్టమంటున్నాను. ఎకరం గుంట పక్కకు 64 మీటర్లు, మధ్య నుంచి గట్టుకు 32, రెండు శాతానికి తేడా 64 సెంటీమీటర్లు. గట్ల పక్క మెరకను మధ్యలో తీసిన మట్టితోనే చేయొచ్చు. గుంట ఇంకా పెద్దదైతే ఒక్కటిగా కట్టే బదులు రెండుగా చీల్చడం మేలు. పెద్ద గుంట చవకన్న లెక్క ఈ నేలలో చెల్లదు.

గొట్టాల్లోంచి మీథేన్ గాలిలో కలుస్తుంది, అది వాతావరణాన్ని వేడెక్కిస్తుంది కదా అన్న మాట కూడా ఉంది. ఆ బురద షీటు లేకుండా ఉన్నా ఆ మీథేన్ వచ్చేదే, పాత చెరువుల్లోంచి బుడగలుగా వస్తూనే ఉంది. గొట్టం కొత్తగా పుట్టించేది లేదు. తగ్గించాలంటే బురదనే తగ్గించాలి.

వీటన్నిటికంటే బరువైన వాదన, నేను గౌరవించే వాదన, ఇంకోటుంది. అసలీ నల్లమట్టికి షీటు దేనికి? కొల్లేటి బంకలో నీరు ఇంకడమే అరుదు. డెబ్బయ్యవ దశకం నుంచి ఇక్కడ చేపల చెరువులు షీటు లేకుండానే నిలిచాయి. షీటు వేయకపోతే ఉబ్బూ లేదు, గొట్టాలూ లేవు. ఇందులో సగం ఒప్పుకుంటాను. మంచినీటి చేపల చెరువు మురుగుకు, ఇసుక పొర తగలని నిండు బంకనేలలో, షీటు తప్పనిసరి కాదు. అక్కడ షీటు వేయమని ఒత్తిడి చేయడం రైతు చేత లేని జబ్బు కొనిపించడమే. కానీ మిగతా సగం వనామీ దగ్గర విరిగిపోతుంది. 2009లో దేశంలోకి అనుమతించిన ఆ రొయ్య కోసం బోరు ఉప్పునీరు తోడి చెరువులు పెట్టడం మొదలయ్యాక సంగతి మారింది. ఆ నీరు నెమ్మదిగా ఇంకినా పక్క వరిచేను పాడవుతుంది, ఉప్పు ఒకసారి మట్టిలో చేరాక తియ్యడం ఏళ్ల పని. పైగా ఇదే బంక ఎండగడితే అంగుళాల వెడల్పున బీటలిస్తుంది. నిలవ గుంటను ఏటా ఎండగట్టి బురద తీయాల్సిందే గదా, తడిసి బీటలు పూడేలోగా దిగేది మురుగే. కాబట్టి షీటు ఉండాల్సిన చోట ఉండాలి, ఉన్న చోట కింద దారి ఉండాలి. షీటు లేకుండా బంకను నమ్ముకోవడం ఒక పక్షం, కింద దారి లేకుండా షీటును నమ్ముకోవడం ఇంకో పక్షం. కిందేముందో చూడకపోవడంలో రెండూ ఒకటే.

ఈ తప్పుడు నమ్మకం రైతులది మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. కాగితాల్లో కూడా అదే ఉంది. ఉద్యాన మిషన్ కింద సామూహిక నీటి కుంటలకు సాయం ఇచ్చేటప్పుడు పెట్టిన కొలత కనీసం 500 మైక్రాన్ల ప్లాస్టిక్. కొటేషన్లలో, బిల్లుల్లో, తనిఖీల్లో అందరి కళ్లూ చూసేది మైక్రాన్లనే, ఎందుకంటే మైక్రాన్లను మైక్రోమీటరుతో నిమిషంలో కొలవొచ్చు. వాలునూ ఊట మట్టాన్నీ కొలవాలంటే పొద్దున్నుంచి పొలంలో నిలబడాలి. అదే మన దేశంలో చెత్త పూడ్చే చోట్లకు 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఏమన్నాయో చూడండి: 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు, దాని కింద 90 సెంటీమీటర్ల గట్టి మట్టి, ఆ మట్టికి కనీసం రెండు మీటర్ల కిందే అత్యధిక భూగర్భ నీటిమట్టం ఉండాలి, గ్యాస్‌కు విడిగా ఏర్పాటు ఉండాలి. అంటే షీటుకంటే ముందు నీటిమట్టం అడగాలని ఈ దేశపు నిబంధనలకే తెలుసు. ఆ రెండు మీటర్ల షరతు కలిదిండిలో పెడితే ఒక్క గుంటా కట్టలేం, అది నాకూ తెలుసు. కట్టలేం గనకే కింద కాలవ, మోటారు అంటున్నాను. 2020 చట్టంతో రాష్ట్రంలో ఆక్వాకల్చర్ అభివృద్ధికి ప్రాధికార సంస్థ వచ్చింది, లైసెన్సులు దాని చేతిలో ఉన్నాయి. నిలవ గుంట పటంలో వానాకాలపు ఊట మట్టం, అడుగు లెవెళ్లు, గొట్టాల చోట్లు లేకపోతే దాన్ని వెనక్కి పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఐదో కాంటూరు లోపల, 1999లో జీవో 120తో అభయారణ్యమైన 308 చదరపు కిలోమీటర్లలో, ఈ చెరువులూ గుంటలూ అసలే ఉండకూడదు. అది వేరే తగువు, అక్కడ షీటు సాంకేతికత గురించి మాట్లాడటమే తప్పు.

ఇప్పటికే షీటు వేసి, కింద ఏ దారీ పెట్టనివాళ్లు ఏం చేయాలన్నది మిగిలింది. ఉబ్బు లేచిన గుంటలో నీరు పెంచకూడదు, గాటు పెట్టకూడదు. ఉబ్బుకు దగ్గరగా ఉన్న గట్టు వాలు మీద, నీటికి పైన, షీటు కోసి గొట్టం అతికించుకుంటే గట్టు వరకూ పాకిన గ్యాస్ అయినా పోతుంది. అడుగు మధ్యలో చిక్కుకున్నది పోదు, దానికి గుంట ఖాళీ చేసి అడుగు సరిచేయడం తప్ప మార్గం లేదు. ఆ ఖాళీ చేయడంలోనే అసలు ప్రమాదం ఉంది. ముందుగా గట్టు బయట రెండు మూడు చోట్ల గుంట అడుగుకంటే లోతుగా చిల్లుల పైపులు దింపి, వాటిలో ఊట ఎంతలో ఉందో కర్ర పెట్టి చూసుకోవాలి. గుంటలో నీరు ఆ మట్టానికి చేరగానే మోటారు ఆపాలి, పైపుల్లో నీరు తోడి దిగాకే మళ్లీ వేయాలి. వానలు మొదలైంది లగాయతు కార్తీకం దాకా ఆ పైపుల్లో నీరు ఎంత తోడినా తరగదు, దాళ్వాకు కాలువలు పారినన్నాళ్లూ తగ్గేది అంతంతే. బురద తీసే పనీ అడుగు సరిచేసే పనీ కాలువలు కట్టేసిన వేసవి వారాలకే పెట్టుకోవాలి.